మనీని లెక్కపెట్టలేమంటే నమ్మలేకపోయాను: నా అనుభవం

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. పైన నా పేరు, కింద పదకొండు లైన్ల ఈమెయిల్, అందులో ఐదు మాటల చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నాలు. ఇన్ఫర్మేషన్స్, ఫర్నిచర్స్, ఎక్విప్‌మెంట్స్, స్టేషనరీస్, అడ్వైజెస్. మాదాపూర్‌లో ఒక కంపెనీ పర్చేజ్ విభాగంలో ఉద్యోగానికి నేను రాసిన పరీక్ష అది. "కొత్త బ్రాంచి పెడుతున్నాం, కావలసిన సామాను గురించి సప్లయర్‌కు మెయిల్ రాయండి" అన్నారు. ఇరవై నిమిషాలు టైమిచ్చారు. పదిహేను నిమిషాల్లో రాసి, రెండుసార్లు చదువుకుని మరీ ఇచ్చాను.

ఇంటర్వ్యూ చేసినావిడ మర్యాదగానే మాట్లాడారు. "మీకు ఎక్సెల్ బాగా వచ్చు, లెక్కల్లో తప్పు లేదు. కానీ ఈ సీట్లో కూర్చుంటే రోజంతా బయటివాళ్లకు మెయిల్స్ వెళ్తూనే ఉంటాయి. ఇది సరిచేసుకుని మూడు నెలల తర్వాత మళ్లీ రండి" అని కాగితం నా చేతికిచ్చారు. దుర్గం చెరువు స్టేషన్‌లో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్ దగ్గర మారి, ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో దిగేదాకా ఆ ఐదు మాటలనే చూస్తూ కూర్చున్నాను. స్పెల్లింగ్ తప్పు లేదు. అర్థం తప్పు లేదు. మరి సున్నా ఎందుకు చుట్టారో నాకు తెలియలేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది.

నాది జనగామ దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, బి.కాం ఓపెన్ యూనివర్సిటీలో చేశాను. ఎనిమిదేళ్లుగా రాంనగర్‌లో ఒక సూపర్ మార్కెట్ బిల్లింగ్ కౌంటర్‌లో క్యాషియర్‌ని. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, రాయగలను కూడా. ఇలాంటి తప్పులున్నాయని ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే నా చుట్టూ అందరూ అలాగే రాస్తారు. షాపుల బోర్డుల మీద ఫర్నిచర్స్ అనే ఉంటుంది, ఆసుపత్రుల బోర్డుల మీద ఎక్విప్‌మెంట్స్ అనే ఉంటుంది.

మొదట అమీర్‌పేటలో ఒక కోచింగ్‌లో చేరాను. మూడు వారాల గ్రామర్ కోర్సు. రెండో రోజే ఈ పాఠం వచ్చింది. సార్ బోర్డు మీద నిలువుగా గీత గీసి, "లెక్కపెట్టగలిగేవి కౌంటబుల్, లెక్కపెట్టలేనివి అన్‌కౌంటబుల్, వాటి చివర బహువచనం ఎస్ రాదు" అన్నారు. ఎడమవైపు పెన్, టేబుల్, స్టార్. కుడివైపు వాటర్, రైస్, మనీ, ఫర్నిచర్.

మనీ అన్న మాట కుడివైపు చూడగానే చెయ్యెత్తాను. "సార్, నేను క్యాషియర్‌ని. రోజూ రాత్రి లెక్కపెట్టే ఇంటికెళ్తాను. మనీని లెక్కపెట్టలేమంటే ఎలా సార్?" ఆయన "అది అంతేనమ్మా, ఎక్సెప్షన్. లిస్టు ఇస్తాను, బట్టీ పట్టండి" అన్నారు. లిస్టులో వంద మాటలున్నాయి. పట్టాను. కానీ మనసు ఒప్పుకోలేదు. ఆకాశంలో చుక్కలను ఎవరైనా లెక్కపెట్టారా? స్టార్ మాత్రం కౌంటబుల్. గదిలో కుర్చీలు, బల్లలు, బీరువా కళ్లముందే ఉంటాయి, చిన్నపిల్లలు కూడా లెక్కపెడతారు. ఫర్నిచర్ మాత్రం అన్‌కౌంటబుల్. నిర్వచనం ఒకటి చెప్పి, దానికి తిరగబడే మాటలన్నిటినీ ఎక్సెప్షన్ అనడం నాకు న్యాయంగా అనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు. పైగా ఆ లిస్టులో లగేజ్ ఉంది, బ్యాగేజ్ లేదు. లిస్టులో లేని మాట ఎదురైతే నా చేతిలో ఏమీ లేదు.

మా వీధిలో ఒక లెక్చరర్ మేడమ్ ఉంటారు. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. పాఠం ఎలా చెప్పాలో నేర్పే శిక్షణ తార్నాకలో తీసుకున్నారట. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ పేరుతో మొదలై, 1972లో సీఫెల్ అయి, 2007 నుంచి ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ)గా ఉన్న సంస్థ అది. మేడమ్ మాత్రం ఇప్పటికీ సీఫెల్ అనే అంటారు. వారానికోసారి మా కౌంటర్‌కు వస్తారు. ఒకరోజు బిల్లు కొడుతూనే నా గోడు చెప్పుకున్నాను. ఆవిడ సంచి భుజానికి తగిలించుకుని, "ఆదివారం సాయంత్రం రా. వచ్చేటప్పుడు మీ క్యాష్ క్లోజింగ్ చిట్టీ ఒకటి తీసుకురా" అన్నారు.

ఆ చిట్టీ సంగతి కొంచెం చెప్పాలి. కౌంటర్ మూసేటప్పుడు ఏ నోట్లు ఎన్ని ఉన్నాయో రాసి సంతకం పెట్టే చిన్న కాగితం అది. నేను తీసుకెళ్లిన దాంట్లో 500 పక్కన 46, 200 పక్కన 31, 100 పక్కన 58, కింద గీత, గీత కింద 35,000 అని ఉంది. మేడమ్ కళ్లజోడు పెట్టుకుని వేలితో చూపిస్తూ అడిగారు.

"ఈ 46 ఏమిటమ్మా?"

"నోట్లు మేడమ్. ఐదొందల నోట్లు."

"ఈ 58?"

"అవీ నోట్లే. వందవి."

"మరి కింద 35,000?"

"రూపాయలు."

"మనీ ఎక్కడుంది ఇందులో?"

నేను కాగితం మొత్తం చూపించాను. ఆవిడ తల ఊపారు. "అవును, కాగితం మొత్తం మనీయే. కానీ దేని పక్కనా నువ్వు మనీ అని రాయలేదు. నోట్లను లెక్కపెట్టావు, రూపాయలను లెక్కపెట్టావు. ఒక మనీ, రెండు మనీ అని ఏ క్యాషియరూ లెక్కపెట్టదు. లెక్కకు వచ్చేదీ రానిదీ వస్తువు కాదమ్మా, మాట. ఆ మాట ముందు ఒకటి, రెండు, మూడు పెట్టి ఇంగ్లీషు వాళ్లు మాట్లాడతారా లేదా, అది చూడు. వస్తువు మొహం చూడకు."

ఎనిమిదేళ్లు నేను చేసిన పనే నాకు జవాబుగా ఇచ్చారు ఆవిడ. ఫర్నిచర్ కూడా అంతే. కుర్చీ లెక్కకు వస్తుంది, బల్ల లెక్కకు వస్తుంది, అన్నిటినీ కలిపి పిలిచే మాట లెక్కకు రాదు. ఎక్విప్‌మెంట్, లగేజ్, స్టేషనరీ, మెషినరీ, జ్యువెలరీ, ట్రాఫిక్, అన్నీ ఇలా మూటగట్టిన మాటలే. విడిగా మెషీన్స్ అనొచ్చు, బ్యాగ్స్ అనొచ్చు, వెహికల్స్ అనొచ్చు. మూట పేరుకు మాత్రం ఎస్ తగలదు. మెషినరీ, జ్యువెలరీ, కట్లరీ, సీనరీ, పోయెట్రీ, ఇలా చివర రీ వచ్చే మాటల్లో చాలా వాటికి ఈ గుణం ఉందని కూడా చెప్పారు. అయితే ఫ్యాక్టరీ, బ్యాటరీ మామూలుగా లెక్కకు వస్తాయి కాబట్టి దాన్ని సూత్రంలా పట్టుకోవద్దన్నారు.

"ఇంగ్లీషు వాళ్లు ఇలా ఎందుకు పెట్టుకున్నారు మేడమ్?" అని అడిగాను. "ప్రతి భాషా తన గీత తాను గీసుకుంటుంది. ఫ్రెంచ్‌లో సమాచారం, సలహా, ఫర్నిచర్, మూడు మాటలకూ బహువచనం ఉంది. ఫ్రెంచ్ వాళ్లు ఇంగ్లీషు రాసేటప్పుడు సరిగ్గా నువ్వు చేసిన తప్పులే చేస్తారు" అన్నారు. ఆ మాటతో నా గుండెలో భారం సగం దిగింది. ఎర్ర సున్నాలు నా చదువు తక్కువై పడలేదు. ఒక భాష గీసిన గీతను ఇంకో భాషలోకి మోసుకెళ్లడం వల్ల పడ్డాయి.

మరి తెలుగు గీత ఎక్కడుంది? నా నోట్‌బుక్‌లో ఎక్కువ పేజీలు పట్టింది ఈ ప్రశ్నే.

తెలుగులో నీళ్లు అనే మాట ఎప్పుడూ బహువచనమే. పాలూ అంతే. చిన్నప్పుడు తెలుగు వ్యాకరణంలో నిత్య బహువచనాలు అని చదువుకున్నాం కదా, అవే: నీళ్లు, పాలు, వడ్లు, పెసలు, కందులు. నల్లాలో నీళ్లు వచ్చాయి అంటాం, వచ్చింది అనం. పాలు విరిగిపోయాయి అంటాం. ఎవరింటికైనా వెళ్తే "కొన్ని నీళ్లివ్వండి" అని అడుగుతాం. కొన్ని అనేది లెక్కకు వచ్చే వాటికి వాడే మాట: కొన్ని పుస్తకాలు, కొన్ని రోజులు. అంటే మన నోట్లో నీళ్లు లెక్కకు వచ్చే వస్తువులాగే తిరుగుతున్నాయి. అలాంటి నోటితో ఇంగ్లీషులోకి వెళ్తే "మిల్క్ ఆర్ స్పాయిల్డ్" అని వస్తుంది. నేను కౌంటర్‌లో ఎన్నోసార్లు అన్న వాక్యమే. అక్కడ నేను ఎస్ పెట్టలేదు, కానీ పాలు విరిగిపోయాయి అన్న ఆ బహువచనం క్రియలోకి దిగింది.

ఇంకో వైపు చూస్తే తెలుగులోనే లెక్కకు రాని మాటలు బోలెడున్నాయి. "చిల్లర లేదండి" అని రోజుకు వందసార్లు అంటాను. చిల్లరలు లేవు అని జీవితంలో అనలేదు. సిబ్బంది అంటాం, సిబ్బందులు అనం. సమాచారం అందింది అంటాం, సమాచారాలు అందాయి అనం. ఇంగ్లీషులో చేంజ్, స్టాఫ్, ఇన్ఫర్మేషన్ కూడా అచ్చం అలాగే నడుస్తాయి. ఇన్ఫర్మేషన్స్ అని రాసేటప్పుడు నేను నా తెలుగు చెవిని కూడా వినలేదన్నమాట. విని ఉంటే ఆ ఒక్క సున్నా పడేది కాదు.

జుట్టు సంగతి ఇంకా బాగుంటుంది. జుట్టు రాలుతోంది అంటాం, వెంట్రుకలు రాలుతున్నాయి అంటాం. మొత్తానికి ఒక మాట, విడి పోగుకు ఒక మాట. ఇంగ్లీషులో రెండింటికీ హెయిర్ ఒక్కటే. తలమీద ఉన్నదంతా హెయిర్, దానికి ఈజ్. అన్నంలో ఒక్క వెంట్రుక కనిపిస్తే మాత్రం ఎ హెయిర్. "మై హెయిర్స్ ఆర్ ఫాలింగ్" అనే వాళ్లు వెంట్రుకలు అన్న మాటను మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారు. జుట్టును పెట్టుకుంటే చాలు, సరైన వాక్యం దానంతటదే వస్తుంది.

కష్టమైనవి సలహాలు, వార్తలు, నగలు, సాక్ష్యాలు, పరిశోధనలు. తెలుగులో ఇవి నిక్షేపంగా లెక్కకు వస్తాయి: ఒక సలహా చెప్పు, రెండు వార్తలు విన్నాను. ఇంగ్లీషులో అడ్వైస్, న్యూస్, జ్యువెలరీ, ఎవిడెన్స్ రావు, రీసెర్చ్ కూడా మామూలుగా రాదు. ఎస్ పెట్టకపోవడం ఒకటే కాదు, ముందు ఎ గానీ అన్ గానీ కూడా పెట్టకూడదు. ఇది నాకు బాగా ఆలస్యంగా తెలిసింది. మా ఇళ్లలో ఏ శుభవార్త చెప్పినా "ఐ హావ్ ఎ గుడ్ న్యూస్" అనే మొదలుపెడతాం. ఎ అంటే ఒకటి. లెక్కకు రాని మాట ముందు ఒకటి ఎలా పెడతాం? ఎ తీసేస్తే చాలు, లేదా సమ్ పెట్టాలి. న్యూస్ చివర ఎస్ ఉంది కదా అని ఆర్ పెట్టకూడదు, ఎప్పుడూ ఈజే. ఈ ఒక్క మాట కోసం మేడమ్ నన్ను వారమంతా సతాయించారు. ఫోన్ ఎత్తగానే "ఏం న్యూస్?" అనేవారు. నేను ఇంగ్లీషులో పూర్తి వాక్యం చెప్పాలి. ఏడు రోజుల్లో నాలుగు రోజులు ఎ దొర్లింది.

ఇక మూడో రకం, మనకు సొంత మాట లేక ఇంగ్లీషు మాటనే తెచ్చుకున్నవి. తెచ్చుకున్నాక దానికి తెలుగు లు తగిలించుకున్నాం: సబ్బులు ఉన్నాయా అన్నట్టే హోంవర్కులు చేశారా, రెండు బ్రెడ్లు ఇవ్వు, కొత్త సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. తెలుగులో అది తప్పు కాదు, మన వ్యాకరణం ప్రకారం సరిగ్గానే నడుస్తోంది. చిక్కంతా ఆ మాట తిరిగి ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడే. లు పోయి ఎస్ వస్తుంది. నా ఎక్విప్‌మెంట్స్ అలా వచ్చిందే.

సరే, లెక్కకు రావు. కానీ నాకు నాలుగు బ్రెడ్లు కావాలి, రెండు సలహాలు చెప్పాలి. అప్పుడేం చేయాలి? "ఎ పీస్ ఆఫ్ అడ్వైస్" అని కోచింగ్‌లో చెప్పారు. నాకది ఎంతో కృత్రిమంగా అనిపించేది. సలహాను ముక్కలు చేస్తారా అని.

ఒక ఆదివారం వెళ్లేసరికి మేడమ్ ఉప్మా చేస్తున్నారు. నన్ను పక్కన నిలబెట్టి, "నేను వేసేది వేసినట్టు తెలుగులో చెప్పు" అన్నారు. నేను చెప్పుకుంటూ పోయాను: గరిటెడు నూనె, చెంచాడు ఆవాలు, గుప్పెడు పల్లీలు, చిటికెడు పసుపు, గ్లాసెడు రవ్వ, చెంబెడు నీళ్లు. మా అమ్మ వంటింట్లో ఎప్పుడూ వినిపించే మాటలే. మేడమ్ స్టవ్ తగ్గించి నా వైపు తిరిగారు. "చెంచాడు, అంటే స్పూన్‌ఫుల్. గుప్పెడు, హ్యాండ్‌ఫుల్. నువ్వు పుట్టినప్పటి నుంచీ చేస్తున్నదే ఇది. నూనె లెక్కకు రాదు, గరిటె లెక్కకు వస్తుంది. రెండు కావాలంటే రెండు గరిటెల నూనె అంటావు. లు ఎక్కడ చేరింది? గరిటెకు. నూనెకు చేరిందా?"

చేరలేదు. టూ స్పూన్‌ఫుల్స్ ఆఫ్ షుగర్. ఎస్ చెంచా మీద, చక్కెర మీద కాదు. త్రీ పీసెస్ ఆఫ్ ఫర్నిచర్. ఎస్ పీస్ మీద. అంతకంటే ఏమీ లేదు. సలహాకు కొలత పెట్టడం వింతగా అనిపించిన నేను, గంపెడాశ పెట్టుకున్నాను అని వందసార్లు అన్నదాన్నే. ఆశను గంపతో కొలిచిన భాష నాది.

ఆ రోజు రాత్రి పడుకున్నాక ఇంకోటి తట్టింది. మా బడిలో నల్లబల్ల మీద రాసేదాన్ని ఏమనేవాళ్లం? చాక్‌పీస్. చాక్ అని ఎవరూ అనేవాళ్లు కాదు. సార్ "వెళ్లి రెండు చాక్‌పీసులు పట్టుకురా" అనేవారు. చాక్ లెక్కకు రాదు, పీస్ లెక్కకు వస్తుంది. ఒక్క ఇంగ్లీషు వాక్యం రాని వయసులో, ఊళ్లో ప్రాథమిక పాఠశాలలో, ఆ మాట మా నోట్లో ఉంది. లేచి లైటు వేసి నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

మర్నాటి నుంచి కౌంటర్ నాకు పుస్తకమైంది. బెల్టు మీద వచ్చే ప్రతి వస్తువునూ మనసులో ఇంగ్లీషులో అనుకునేదాన్ని. సబ్బులు వచ్చాయి: సోప్ లెక్కకు రాదు, టూ బార్స్ ఆఫ్ సోప్. టూత్‌పేస్ట్ వచ్చింది: ట్యూబ్. బ్రెడ్ వచ్చింది: ముక్కైతే స్లైస్, మొత్తమైతే లోఫ్. ఉస్మానియా బిస్కెట్లు హాయిగా లెక్కకు వస్తాయి. చాయ్ పొడి రాదు, కానీ హోటల్లో కూర్చుని రెండు చాయ్ చెప్పినట్టే ఇంగ్లీషులోనూ టూ టీస్, టూ కాఫీస్ అని ఆర్డర్ ఇవ్వొచ్చు, ఎందుకంటే అక్కడ లెక్క కప్పులది.

ధాన్యాల అరలో ఇంగ్లీషు కూడా కుదురుగా లేదని తెలిసింది. ఓట్స్‌కు ఎప్పుడూ ఎస్ ఉంటుంది, పక్కనే ఉన్న వీట్‌కు ఉండదు. రెండూ గింజలే, రెండూ గుప్పిట్లో పడతాయి. మన దగ్గర వడ్లు నిత్య బహువచనం, పొట్టు తీస్తే వచ్చే బియ్యాన్ని వ్యాకరణం నిత్య ఏకవచనం అంటుంది, అయినా చాలా ఇళ్లలో బియ్యం అయిపోయాయి అనే అంటారు. మేడమ్ బఠానీ కథ కూడా చెప్పారు. ఇంగ్లీషులో పూర్వం పీజ్ అనేది రైస్ లాంటి మొత్తం మాట. చివర వినిపించే ఆ శబ్దాన్ని జనం బహువచనం ఎస్ అనుకుని, 17వ శతాబ్దంలో దాని నుంచి పీ అనే ఏకవచనాన్ని తీశారట. అంటే ఇంగ్లీషు పుట్టుకతో వచ్చిన వాళ్లు కూడా ఈ గీత దగ్గర తడబడ్డారు, ఆ తడబాటు నిఘంటువుకెక్కింది.

సెలవు రోజుల్లో చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడ పోటీ పరీక్షల పిల్లలతో కుర్చీ దొరకడం కష్టం, పొద్దున్నే వెళ్లాలి. మేడమ్ చెప్పింది ఒక్కటే: అనుమానం వస్తే ఊహించకు, నేర్చుకునేవాళ్ల కోసం రాసిన డిక్షనరీ తియ్యి. మామూలు డిక్షనరీల్లో ఇది ఉండదు, లెర్నర్స్ డిక్షనరీలో నామవాచకాల పక్కన సి లేదా యు అని చిన్న అక్షరం ఉంటుంది. కౌంటబుల్‌కు సి, అన్‌కౌంటబుల్‌కు యు. జపాన్‌లో ఇంగ్లీషు చెప్పిన ఎ.ఎస్. హార్న్‌బీ ఇంకో ఇద్దరితో కలిసి తయారుచేయగా 1942లో టోక్యోలో వెలువడిన నిఘంటువులోనే ఈ గుర్తులు పెట్టారు. జపనీస్‌లో మాటకు బహువచనం గుర్తు తప్పనిసరి కాదు, అందుకని ఆ పిల్లలకు ఇది ఎంత కష్టమో ఆయన దగ్గరగా చూశారు. మాలాంటి వాళ్ల కష్టం చూసిన మనిషి పెట్టిన అక్షరం అది అని తెలిశాక, ఆ చిన్న సి, యుల మీద నాకు గౌరవం పెరిగింది.

చాలా మాటల పక్కన రెండు అక్షరాలూ కనిపించేవి. పేపర్ అంటే కాగితమైతే యు, న్యూస్‌పేపరో పరీక్ష పేపరో అయితే సి. గ్లాస్ అంటే గాజైతే యు, నీళ్లు తాగేదైతే సి. ఎక్స్‌పీరియన్స్ దగ్గర ఆగిపోయాను. నా బయోడేటాలో ఎయిట్ ఇయర్స్ ఎక్స్‌పీరియన్సెస్ అని ఉంది. తెలుగులో ఎనిమిదేళ్ల అనుభవాలు అని రాస్తానా? ఎనిమిదేళ్ల అనుభవం అంటాను. జీవితంలో జరిగినవి చెప్పేటప్పుడే అనుభవాలు. ఇంగ్లీషులోనూ గీత సరిగ్గా అక్కడే ఉంది.

నా పక్కన గ్రూప్స్‌కు చదువుతున్న ఒక అమ్మాయి కూర్చునేది. నా నోట్‌బుక్‌లో వాటర్ ఎదురుగా యు అని చూసి, "అక్కా, మా పాలిటీ పుస్తకంలో వాటర్స్ అని ఉంది చూడు" అని పేజీ తిప్పి చూపించింది. రాజ్యాంగం 262వ అధికరణం, అంతర్రాష్ట్ర నదుల వాటర్స్‌కు సంబంధించిన వివాదాలు. రాజ్యాంగంలో తప్పుంటుందా? ఆ సాయంత్రమే మేడమ్‌ను అడిగాను. ఆవిడ ఎదురు ప్రశ్న వేశారు: "పేపర్లో కృష్ణా నీళ్లు అని రాస్తారా, కృష్ణా జలాలు అని రాస్తారా?" జలాలే. దాహమేస్తే జలాలు తాగాను అని మాత్రం ఎవరూ అనరు. నది, సముద్రం, ఒక రాష్ట్రానికో దేశానికో చెందిన నీటి వాటా, వీటి గురించి మాట్లాడేటప్పుడు ఇంగ్లీషు వాటర్స్ అంటుంది, తెలుగు జలాలు అంటుంది. 1969లో కృష్ణా ట్రిబ్యునల్ వేసినప్పటి నుంచీ మన పేపర్లు రాస్తున్న మాటే. ఈ రెండు భాషలూ ఎక్కడెక్కడ కలుస్తాయో చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరించేది.

రెండో నెలలో మాత్రం గట్టిగా దెబ్బతిన్నాను. ఎస్ అంటేనే భయం పట్టుకుని కనిపించిన చోటల్లా తీసేయడం మొదలుపెట్టాను. గూడ్స్‌ను గుడ్ అని రాశాను, క్లోత్స్‌ను క్లాత్ అని రాశాను. మేడమ్ నా కాగితం చూసి, "బట్టలు అనబోయి గుడ్డ అన్నావమ్మా" అన్నారు. క్లోత్స్, గూడ్స్, సేవింగ్స్, బిలాంగింగ్స్, ఇవి ఎప్పుడూ ఎస్‌తోనే ఉండాలి. గూడ్స్ అంటే సరుకు, వన్ గుడ్ అని సరుకును పిలవరు. రోజూ నేను కొట్టే ప్రతి బిల్లు మీదా ఉండే జీఎస్టీలో మొదటి అక్షరమే ఆ గూడ్స్. మన నిత్య బహువచనాల్లాంటివే ఇంగ్లీషుకూ ఉన్నాయి. ఇంకో పొరపాటు, ఎస్ తీసేసి మిగతా వాక్యాన్ని అలాగే వదిలేయడం. ది ఇన్ఫర్మేషన్ ఆర్, దోజ్ ఎక్విప్‌మెంట్, మెనీ ఫర్నిచర్ అని రాసేదాన్ని. మాట మారితే దాని చుట్టూ ఉన్నవన్నీ మారాలి: ఈజ్, దట్, మచ్, తర్వాత వాక్యంలో దే బదులు ఇట్. ఇది అలవాటు కావడానికి నెల పట్టింది. రోజూ రాత్రి పాత మెయిల్‌నే మళ్లీ మళ్లీ రాసేదాన్ని.

మూడు నెలలు దాటి పది రోజులకు మాదాపూర్ వెళ్లాను. ఈసారి ప్రశ్న వేరే. వచ్చిన సామానులో కొన్ని దెబ్బతిన్నాయి, సప్లయర్‌కు ఫిర్యాదు రాయాలి. సమ్ ఆఫ్ ది ఫర్నిచర్ ఈజ్ డ్యామేజ్డ్ అని మొదలుపెట్టాను. ఆ తర్వాత లెక్కకు వచ్చే మాటల్లోకి దిగాను: సిక్స్ చైర్స్, టూ టేబుల్స్. చివర వుయ్ నీడ్ మోర్ ఇన్ఫర్మేషన్. రాయడం ముగించాక మాటమాటకూ వేలు పెట్టి చూసుకున్నాను, క్యాష్ చిట్టీ చూసుకున్నట్టు. ఆవిడ చదివారు. ఎర్ర పెన్ను చేతిలోనే ఉంది. ఒక్కచోట ఫుల్‌స్టాప్ పెట్టి, కాగితం తన ఫైల్లో పెట్టుకున్నారు. ఒకటో తారీకు నుంచి రమ్మన్నారు.

బయటికొచ్చి స్టేషన్ మెట్ల దగ్గరే నిలబడి మేడమ్‌కు ఫోన్ చేశాను. ఎప్పటిలాగే "ఏం న్యూస్?" అన్నారు.

"మేడమ్, ఐ హావ్ సమ్ గుడ్ న్యూస్" అన్నాను.

అటువైపు ఒక్క క్షణం మాట లేదు. తర్వాత గొంతు సవరించుకున్నారు. "ఇంటికెళ్లే ముందు ఇటు రా. ఉప్మా చేస్తాను" అన్నారు.